చుట్టుకి ఇంతని లెక్క

లేసు అల్లే ఇంట్లో పెరిగిన పిల్లలకి గుండ్రం అంటే ఏమిటో లెక్కల పుస్తకం చేతికి రాకముందే తెలుస్తుంది. దారంతో చిన్న ఉంగరం వేసుకోవాలి, దాని చుట్టూ కొన్ని ముడులు అల్లాలి, ఆ తరవాత చుట్టు చుట్టుకీ అన్నేసి ముడులు పెంచుకుంటూ పోవాలి. ఆ పెంచే లెక్క ప్రతి చుట్టుకీ ఒకటే అయితే పువ్వు చాప మీద పరిచినట్టు చదునుగా వస్తుంది. తక్కువ పెంచితే అంచులు లోపలికి లాగి గిన్నెలా అవుతుంది. ఆశపడి ఎక్కువ పెంచితే అంచుకి చోటు చాలక కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. మా నాన్నకి అక్క అయిన కరుణమ్మ అత్తయ్య దీన్నంతా ఒక్క ముక్కలో చెప్పేది: "చుట్టుకి ఇంతని లెక్క. తగ్గితే కొబ్బరిచిప్ప, మించితే కోడిజుట్టు." మా పెరట్లో కోడిజుట్టు పూలు ఎర్రగా, మడతలు మడతలుగా పూసేవి. వాటి అంచు మిగతా పువ్వు కన్నా తొందరపడి పెరగడం వల్లే అలా మడతలు పడుతుందని చాలా ఏళ్ళ తరవాత బోటనీలో చదివాను. చదివినప్పుడు అదేమంత కొత్తగా అనిపించలేదు.

ఆ బోటనీయే పాఠాలు చెప్పి రిటైరయ్యి రాజమండ్రిలో ఉంటున్నాను. ఈమధ్య ఒక కాలేజీవాళ్ళు ప్రకృతిలో కనిపించే లెక్కల గురించి, అందం గురించి పిల్లలకి ఓ గంట మాట్లాడమన్నారు. అక్కడ పనిచేసే ఉష ఒకప్పుడు నా స్టూడెంటే. తెర మీద చూపించే బొమ్మలు తను సిద్ధం చేస్తానని లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పొద్దుతిరుగుడు పువ్వు, నత్తగుల్ల, తేనెపట్టు అందరూ చూపించేవే, వాటికి కరువేం లేదు. మన గోదావరి వైపుది ఒకటైనా ఉండాలని నేను పట్టుబట్టి, గోడకున్న పాత ఫోటో దించి ఇచ్చాను. పుస్తకమంత ఉంటుంది ఆ ఫోటో. తాడు మీద వేలాడదీసిన పెద్ద లేసు గుడ్డ, దాని ముందు పక్కగా, కింది కొస పట్టుకుని, రెండు జడలతో నేను. హైస్కూల్లో ఉన్నప్పటిది. ఉష దాన్ని ఫ్రేములోంచి జాగ్రత్తగా తీసి, ఫోన్‌తో ఫోటో తీసి లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. పాలు కాగేలోపు నా బుర్ర నర్సాపురం పక్కన మా ఊరికి వెళ్ళిపోయింది.

మా ఊళ్ళో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు లేసు అల్లుతూ కనిపించేవాళ్ళు. చేతిలో కొన వంగిన సన్నటి సూది, పక్కన గిన్నెలో దారం ఉండ. కింద దొర్లితే మట్టి అంటుకుంటుందని ఆ గిన్నె. చూపు వీధిలో, నోరు కబుర్లలో, వేళ్ళు మాత్రం దారంలో ఉండేవి. పెద్ద గుడ్డలు ఒక్కళ్ళే అల్లేవాళ్ళు కాదు. ఒక్కో ఇంట్లో కొన్ని పూలు అల్లితే అన్నీ మా ఇంటికి చేరేవి, వాటిని అతికి ఒక గుడ్డ చెయ్యడం అత్తయ్య పని. డిజైను ఒకటే, లెక్క ఒకటే, దారం ఒకటే, అయినా ఏ రెండిళ్ళ పూలూ ఒక్క కొలతలో ఉండేవి కావు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. పువ్వు పట్టుకోగానే అత్తయ్య అల్లిన మనిషి పేరు చెప్పేసేది. మొగుడితో పోట్లాడి అల్లిన పువ్వు కూడా తెలిసిపోతుందనేది, అది మాత్రం నేను నమ్మలేదు. బిగువు పువ్వు పక్కన వదులు పువ్వు వచ్చేలా సర్ది అతికేది. ఒకే మాను ఆకులు కూడా అంతే కదా, ఒక్కటే నియమం, ఏ రెండూ ఒకలా ఉండవు. ఇలాంటి తేడాలకి ఆవిడ ఏమీ అనేది కాదు. లెక్క తప్పితే మాత్రం మొహమాటం లేదు, అల్లినవాళ్ళ ఎదుటే దారం కొస పట్టి పువ్వు మొత్తం లాగేసేది. కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, ఆవిడ నోటికి జడిసి వేరే ఇంటికి పని మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

గుడ్డ ముగింపుకి వచ్చిన రోజుల్లో మా ఇంట్లో చేపలు వండేవాళ్ళు కాదు. నీచు వాసన దారానికి పడితే ఎన్ని ఉతుకులైనా పోదని అత్తయ్య నమ్మకం. గోదావరి పక్కన ఉండి ఈ పప్పుచారు ఖర్మ ఏంటని నాన్న గొణుక్కునేవారు, గొణుక్కుంటూనే రెండోసారి వడ్డించుకునేవారు. పిల్లలం మామిడిపండు తిన్న చేతులతో గుడ్డ ఉన్న గది గుమ్మం తొక్కకూడదు. గుడ్డని కుంకుడు రసంలో నానబెట్టి, నీలిమందు నీళ్ళలో ముంచి, గంజి పెట్టి, దుప్పటి మీద పరిచి, చుట్టూ గుండుసూదులతో లాగి గుచ్చి ఆరనిచ్చేవారు. ఆ పైన బొగ్గుల ఇస్త్రీపెట్టె. తడి గంజి మీద ఆ వేడి తగిలినప్పుడు అన్నం వార్చిన వాసన లాంటిదే, కాస్త కమురుగా, ఇల్లంతా నిండేది. ఇప్పుడు లేసు షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. మిషను మీద అల్లినది, ఏ పువ్వుకీ ఆ పక్క పువ్వుకీ తేడా ఉండదు. చూడటానికి బాగానే ఉంటుంది, కాదనను. చేత్తో పట్టుకుంటే ఎవరిదో చెప్పలేం, అంతే.

అత్తయ్యకి చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మొహంలో ఎడమ సగం చచ్చుబడింది. ఆ పక్క బుగ్గ జారిపోయి, నవ్వితే మూతి కుడివైపుకి లాక్కుపోయేది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడేది కాదు, నిద్రలో కూడా సగం తెరిచే ఉండేది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసినప్పుడు బెల్లం డబ్బా దగ్గరికి వెళ్ళాలంటే మేం ఆ కన్ను వైపు నుంచి కాకుండా పెరటి దారిన చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళం. నవ్వొస్తే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చర్చిలో ఎడమ బుగ్గ గోడవైపు ఉండేలా ఎప్పుడూ ఒకే చోట కూర్చునేది, ఆ చోట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆవిడ గదిలో అద్దం లేదు. అద్దం లేకుండానే తీసుకున్న పాపిడి దారం పట్టి గీసినట్టు ఉండేది. సంబంధాలు వచ్చాయి, వచ్చినవి వెళ్ళిపోయాయి, కొన్నాళ్ళకి రావడం మానేశాయి. అలాగని ఆవిడ మూల కూర్చుని ఏడ్చే మనిషి కాదు. ఇంటి తాళాలు ఆవిడ బొడ్డునే ఉండేవి, నాన్న కూడా ఆవిడ మాట దాటేవారు కాదు. ఫోటో మాటెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేది. మా ఇళ్ళల్లో తీసిన ఏ పెళ్ళి ఫోటోలోనూ ఆవిడ లేదు. ఇంత చేసిన మనిషి, పోయాక చూసుకోవడానికి ఒక్క బొమ్మయినా లేకుండా పోతుందేమోనని నాన్నకి బెంగ. ఆ మాట మా అమ్మతో చాలాసార్లు అనగా విన్నాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు సెలవులకి వచ్చి అరుగు మీద కూర్చుని పైకి చదువుకునేదాన్ని. పువ్వు అందం మనకోసం కాదని, తేనెటీగని పిలవడానికని, రేకులు ఒక వరసలో సమంగా అమరితే ఈగ దూరం నుంచే గుర్తుపడుతుందని చదివాను. అత్తయ్య రోజూ బైబిలు చదివే మనిషి, కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. దారం తెంపుతూ, "ఈగ కోసమైతే మరి మనకెందుకు బాగుంటదే?" అనడిగింది. పాఠాలు చెప్పడం మొదలెట్టాక ఆ ప్రశ్నకి కొంత సమాధానం దొరికింది. పళ్ళు తిని బతికిన జీవుల సంతానం మనం. పూత ఉన్నచోట రేపు పండు ఉంటుంది, పచ్చగా ఉన్నచోట నీళ్ళుంటాయి. అలాంటి చోట్లు చూసి సంబరపడిన కళ్ళే బతికి బట్టకట్టి మన దాకా వచ్చాయి. పైగా వరస ఉన్న బొమ్మని కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది, సగం చూస్తే మిగతా సగం తెలిసిపోతుంది కనక. ఇందులో కొంత రుజువైంది, కొంత ఊహ. ఏది ఏదో చెప్పకుండా క్లాసు ముగించేదాన్ని కాదు.

ఆ రోజు పుస్తకంలో తరవాతి పేజీ జత వెతుక్కునే జంతువుల గురించి. మొహంలో రెండు సగాలూ సమంగా ఉండటం ఆరోగ్యంగా పెరిగినదానికి గుర్తు అని, అందుకే అలాంటివాటినే జతగా ఎంచుకుంటాయని, మనుషుల్లోనూ ఆ ఛాయలు ఉన్నాయని రాసుంది. సగం వాక్యంలో నా నోరు ఆగిపోయింది. "చదువు, ఆపేవేం?" అంది అత్తయ్య. చదివాను. అంతా విని, "అయితే ఆ ఈగలు కూడా నన్ను చూడ్డానికొచ్చినోళ్ళ లాంటియ్యేనన్నమాట," అంది, బియ్యంలో రాళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పినంత మామూలుగా. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పుస్తకం రాసినవాళ్ళ మీద కోపం వచ్చింది. తరవాతి సెలవులకి వచ్చేసరికి, సముద్రం దగ్గరి కాలవల బురదలో తిరిగే పీత గురించి చదువుకుని వచ్చాను. మగపీతకి ఒక చెయ్యి చిన్నది, రెండోది ఒంటికి మించినంత పెద్దది. ఆ పెద్ద చేతిని ఊపితేనే ఆడపీత దగ్గరికొస్తుంది. రెండు పక్కలా సమంగా ఉంటేనే అందమని రూలేం లేదని బస్సు దిగిన రోజే చెప్పేశాను. అత్తయ్య సూది ఆపి నా వంక చూసింది. "అంటే ఇప్పుడు నన్ను పీతకిచ్చి చేస్తావా ఏంటే?" అంది. అని తనే నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, మూతి కుడివైపుకి వెళ్ళిపోయేలా నవ్వింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఫోటోలో ఉన్న గుడ్డ సంగతి దీనికన్నా ముందుది. అది పదిళ్ళ పూలు అతికినది కాదు, అత్తయ్య ఒక్కతే అల్లినది. నాన్న ఓసారి రాజమండ్రి నుంచి ఏజెన్సీ కొండల్లో పండిన అనాసపండు తెచ్చారు. మేం కోద్దామంటే ఆవిడ కోయనివ్వలేదు. పండుని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, దాని కళ్ళు ఏటవాలు వరసల్లో పైకి ఎక్కుతున్నాయని మాకు చూపించింది. ఇటు వాలిన వరసలు ఎన్ని, అటు వాలినవి ఎన్ని అని నన్ను లెక్కపెట్టమంది. ఇటు ఎనిమిది, అటు పదమూడు. నేను తప్పు లెక్కపెట్టాననుకుని తనూ పెట్టింది, అంతే వచ్చింది. "రెండేపులా సమానం కాదు. అయినా ఎంత కుదురుగా ఉందో చూడు," అంది. కొత్త మొగ్గ ఎప్పుడూ ఉన్నవాటి మధ్య ఎక్కువ ఖాళీ ఎక్కడుంటే అక్కడ పుడుతుందని, అలా పుడుతూ పోతే ఆ అంకెలు వాటంతటవే వస్తాయని ఇప్పుడు నేను చెప్పగలను. ఆవిడకి ఆ కారణం అక్కర్లేకపోయింది. మధ్యలోంచి బయటికి ఇటు ఎనిమిది, అటు పదమూడు వంపులు తిరిగే డిజైను వేసుకుంది. కుదరక విప్పింది, మళ్ళీ వేసింది, మళ్ళీ విప్పింది. ఆ ఏడాది పొలాల్లో కోతలయ్యే దాకా అదే పని. ఈలోగా పండు కుళ్ళిపోయింది, మాకు ఒక్క ముక్క దక్కలేదు.

ఆ గుడ్డ చూసి లేసు ఏజెంటు గారు నోరు తెరిచారు. విదేశాల్లో కొనేవాళ్ళకి పంపడానికి ఫోటో తీయిస్తానని, నర్సాపురం నుంచి ఫోటోగ్రాఫరుని స్టాండు కెమెరాతో సహా తీసుకొచ్చారు. గుడ్డ పక్కన మనిషి ఉంటే ఎంత పెద్దదో తెలుస్తుందన్నారు. అల్లిన మనిషినే నిలబెడదామని నాన్న అన్నారు. ఏజెంటు గారు చెడ్డవాడేం కాదు, ఇబ్బందిగా చేతులు నలుపుకుంటూ, "అక్కగారిని అనడం కాదండీ, చూసేది బయటోళ్ళు కదండీ, అమ్మాయైతే బాగుంటదండి," అన్నారు. నాన్న మొహం నల్లబడింది. ఏదో అనబోతుంటే అత్తయ్యే అడ్డొచ్చి, దాన్నే నిలబెట్టండని, రెండు నిమిషాల్లో తయారుచేస్తానని నన్ను లోపలికి లాక్కుపోయింది. తల దువ్వి, రెండు జడలేసి, రిబ్బన్లు కట్టింది. ఎడమ జడా కుడి జడా సమంగా ఉన్నాయో లేదో దూరం జరిగి చూసుకుంది. ఆ వయసులో ఫోటో అంటే నాకు సంబరమే.

తీరా చూస్తే తెల్ల లేసు వెనక తెల్ల సున్నం గోడ, డిజైను తేలడం లేదు. పైగా గాలికి గుడ్డ తెరచాపలా ఉబ్బుతోంది. దుప్పటి కట్టమని నాన్న అంటే, దుప్పటి పీచు లేసుకి అంటుకుంటుందని అత్తయ్య ఒప్పుకోలేదు. ఫోటోగ్రాఫరు అటూ ఇటూ చూసి, "అమ్మా, మీ చీర ముదురు రంగండి. మీరు గుడ్డకి ఆనుకుని వెనకాల నిలబడి రెండంచులూ పట్టుకుంటే డిజైను బాగా తేలుద్దండి," అన్నాడు. పాపం, అతనికి పని జరగడమే కావాలి. అత్తయ్య నీలం చీర కొంగు విప్పి భుజాల చుట్టూ పరుచుకుని వెనక్కి వెళ్ళి నిలబడింది. అతను కెమెరా మీది నల్లగుడ్డలో తల దూర్చి, మళ్ళీ బయటికి తీసి, "కన్నాల్లోంచి మొహం పడుతుందమ్మా. తల దించుకోండి," అన్నాడు. "అలాగేనండి," అంది అత్తయ్య గొంతు వెనక నుంచి. నాన్న అక్కడ ఉండలేక పెరట్లోకి వెళ్ళిపోయారు. గుడ్డ ఎగరకుండా కింది కొస నా చేతికిచ్చి కదలొద్దన్నారు, నేను కదల్లేదు.

ఏజెంటు గారు ఫోటో కాపీ ఒకటి ఫ్రేము కట్టించి పంపారు. గుడ్డ రెండంచుల మీద వేళ్ళ కొసలు కనిపించేవి. ఫోటోల్లో అత్తయ్య వాటా ఆ వేళ్ళే అని నాన్న చాలా ఏళ్ళు చెప్పి బాధపడేవారు. ఫోటోలంటే పడని మనిషి ఆ ఫోటోని మాత్రం తన గదిలో, మామూలుగా అద్దం పెట్టుకునే చోట, తనే మేకు కొట్టి తగిలించుకుంది. తల దువ్వుకునేటప్పుడు దాని ఎదురుగానే నిలబడేది. నేనంటే అంత ప్రేమ అని నేను, లేసంటే అంత ప్రేమ అని నాన్న అనుకున్నాం. నాన్న ఆ బెంగతోనే పోయారు. ఆ తరవాత కొన్నేళ్ళకి అత్తయ్యా పోయింది. సమాధుల దొడ్డి నుంచి వచ్చాక, అందరూ తలో వస్తువూ తీసుకుంటుంటే ఆ ఫోటో నాకిచ్చారు. నాదే కదా అని ఇచ్చారు, నాదే కదా అని తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళూ మా హాల్లో ఉంది, రోజూ చూస్తూనే ఉన్నాను.

కాఫీ గ్లాసులు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి ఉష లాప్‌టాప్ మీదకి వంగి ఉంది. ఆ వంపులు పిల్లలకి లెక్కపెట్టి చూపిద్దామని లేసుని తెర నిండా పెద్దది చేసిందట. "మేడమ్, వెనకాల ఎవరో ఉన్నారండి," అంది. మా అత్తయ్య అని, అంచుల మీద వేళ్ళు కనిపిస్తాయని చెప్పాను. "వేళ్ళు కాదండి. మొహం," అంది ఉష. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మొదట లేసే కనిపించింది. ఇన్నేళ్ళ అలవాటు, కన్ను డిజైను వెంట పరిగెడుతుంది, కాకపోతే నా రెండు జడల మీద వాలుతుంది. ఉష వేలు పెట్టి చూపించింది. పై వంపుల కన్నాల వెనక తిన్నటి పాపిడి, నుదురు. ఒక కన్నంలో కుడి కన్ను, ఇంకో కన్నంలో పూర్తిగా మూతపడని ఆ ఎడమ కన్ను, రెండూ నేరుగా కెమెరాలోకే చూస్తున్నాయి. అలాగేనండి అంది కానీ, తల దించలేదు. రెండు చేతులూ గుడ్డ పట్టుకుని ఉన్నాయి కనక నోటికి కొంగు అడ్డం లేదు. దారాల వెనక మూతి కుడివైపుకి వెళ్ళిపోయి ఉంది.

కాఫీ బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా. ఆవిడకి తెలుసు, మేకు కొట్టిన రోజే తెలుసు. నాన్న చూసుంటే బాగుండేది. ఉష కంగారుపడి నీళ్ళు తెచ్చింది. నేను కుదుటపడ్డాక, పాపం, నెమ్మదిగా అడిగింది: డిజైను ఒక్కటే స్పష్టంగా కావాలంటే వెనకున్న మనిషిని చెరిపెయ్యొచ్చట, ఇప్పుడు ఫోన్లో కూడా అది క్షణంలో పనట. తన పెళ్ళి ఫోటోల్లో అందరి మొహాలూ అలాగే నునుపు చేయించిందట. వద్దన్నాను. అందం గురించి చెప్పేటప్పుడు చూపించడానికి తను తెచ్చిన ఇంకో బొమ్మ ఉంది, ఎవరో అందమైన అమ్మాయి మొహం మీద నిట్టనిలువుగా గీత గీసి రెండు సగాలూ సమానమని చూపించేది. పాఠం పాఠమే, ఆ బొమ్మ అలాగే ఉంచి, దాని తరవాత ఈ ఫోటో పెట్టమన్నాను, పై వంపులు తెర నిండా వచ్చేలా.

ఉష రెండూ సర్దింది. ఫోటో కింద పేరు రాయాలి కదా అని, "మీ పేరు రాయనా మేడమ్, ముందున్నది మీరే కదండీ?" అంది.

"నన్ను కొస పట్టుకోవడానికి నిలబెట్టారమ్మా," అన్నాను. "కరుణమ్మ గారి ఫోటో అది. ఆవిడ పేరు రాయి."